ఏ పచ్చ?

చలికాలం వచ్చిందని నాకు క్యాలెండర్ కన్నా ముందు ఒక బొంత చెబుతుంది. నిన్న సాయంత్రం కరీంనగర్‌లోని నా అద్దె గదిలో, ఇనుప పెట్టె అడుగు నుంచి దాన్ని తీసి దులిపాను. ఎండిన వేపాకు రాలింది. పాత నూలు వాసన, దాని వెనక ఎక్కడో గంజి వాసన. కప్పుకొని పడుకోగానే నా వేళ్లు, నేను చెప్పకుండానే, ఎడమవైపు పైమూలకు వెళ్లాయి. అక్కడ ఒక ముడి ఉంటుంది. శనగగింజంత ముడి. మామూలుగా బొంత కుట్టేవాళ్లు దారం ముడిని బట్టల పొరల మధ్యకు లాగి దాచేస్తారు. ఇది మాత్రం పైనే, అందరికీ కనిపించేలా కూర్చొని ఉంటుంది. ఎర్రదారమట. ‘అట’ అని ఎందుకు అన్నానో చెప్పడానికే ఇదంతా రాస్తున్నాను.

ఆ ముడి వేయించింది మార్తమ్మ పెద్దమ్మ. మీరు ఆమెను చూసి ఉండరు కాబట్టి ముందు కొలతలు చెబుతాను, నాకు అలవాటైన పద్ధతి అది. ఎత్తు: మా ఇంటి గడప దగ్గర తల వంచకుండా లోపలికి రాగలిగిన పెద్దమనిషి ఆమె ఒక్కతే. కళ్లజోడు: ఒక కాడ ఇనుపది, రెండోది విరిగిపోతే దాని బదులు చెవికి చుట్టిన నూలుపోగు. కుడిచేతి చూపుడువేలు కొస: సూది పొడిచి పొడిచి కొమ్ములా గట్టిపడిన చర్మం. గొంతు: మా వాడలోని మగ్గాల మోత మొత్తం దాటి వినిపించేది. హుస్నాబాద్ నుంచి బస్సులో గంట దూరంలో ఉంటుంది మా ఊరు. మా వెనక వీధిలో మెథడిస్టు చర్చి, దాని పక్కన పిల్లల హాస్టల్. ఆ హాస్టల్‌లో ఆమె చాలా ఏళ్లు వంట చేసి, పెద్ద గిన్నెలు ఎత్తే ఓపిక పోయాక, గోడ పక్కనే ఒక చిన్న ఇంట్లో బొంతలు కుడుతూ ఉండేది.

ఆమె పుట్టింది భైంసా దగ్గరి పల్లెలో. ఇంట్లో తెలుగు, అంగట్లో మరాఠీ. ఆమె మాటలో రెండూ కలిసే ఉండేవి. బొంతను గోధడి అనేది. పాలు పొంగిపోయినా, బస్సు తప్పిపోయినా, ఆరేసిన బట్టలు వానకు తడిసినా ‘అసూ దే’ అనేది. ఉండనీ, పోనీ అని అర్థం. మా వాడ పిల్లలం ఆమెను వెక్కిరించడానికే ఆ మాట నేర్చుకున్నాం. కొన్నాళ్లకు వెక్కిరింపు పోయి మాట మిగిలింది.

ఆమెకు శ్రుతి అంటే ఏమిటో తెలియదు. ఆదివారం పొద్దున చర్చిలో పాట మొదలైతే మా ఇంట్లోకి రెండు పాటలు వినిపించేవి. ఒకటి అందరిదీ, ఒకటి ఆమెది. ఒకసారి హార్మోనియం వాయించే యేసుదాసు అన్న ఆమె ఇంటికి వచ్చి, అరుగు మీద కూర్చొని, చాలాసేపు వాతావరణం గురించి మాట్లాడి, చివరికి అసలు సంగతి ఎత్తాడు. ఆమె ఎదురింటివాళ్లకు దారం కండెలు మోసుకెళ్తూ నేను విన్నాను.

“పెద్దమ్మా, ఏమనుకోకు. జర మెల్లగ పాడు. హార్మోనియం ఇనవడ్తలేదు.”

“హార్మోనియం ఇనాలంటే హార్మోనియానికే మొక్కున్రి. నేను దేవునికి పాడుతున్న. గీ గొంతు ఇచ్చింది ఆయనే, ఇనుడు సుత ఆయన పనే.”

“గట్ల కాదు పెద్దమ్మా, పక్కనున్న పోరగండ్లు సుత తప్పు పాడుతున్నరు.”

“గది మాత్రం ఖరే, నిజమే,” అని ఒప్పుకుంది. ఆ తర్వాతి ఆదివారం నుంచి ఆఖరు బెంచీకి మారింది. గొంతు మాత్రం ఇసుమంత కూడా తగ్గించలేదు. ఈ రెండు పనుల మధ్య ఉన్న తేడా నాకు అర్థం కావడానికి ఇంకా కొన్నేళ్లు పట్టింది.

ఇక నా సంగతి. నాకు ఎరుపు, ఆకుపచ్చ, కాఫీ రంగు వేరువేరుగా కనిపించవు. గులాబి బూడిద రంగులా కనిపిస్తుంది. ఇది పుట్టుకతో వచ్చింది, జబ్బు కాదు, మందు లేదు. ఈ మూడు వాక్యాలు ఇప్పుడు ఇంత సులువుగా రాశాను గాని, పద్దెనిమిదేళ్లు వచ్చేదాకా ఒక్క ప్రాణికి చెప్పలేదు. మూడో తరగతిలో ఆకులకు కాఫీ రంగు వేస్తే మా సారు ‘ఎండకాలం చెట్టు, మంచిగేసినవు’ అని మెచ్చుకున్నాడు. పక్కనున్న పిల్లలు నవ్వారు. ఆ రోజే నేనొక నోటుబుక్కు తీసి రెండు నిలువు గీతలు గీశాను. ఒకవైపు వస్తువు, ఒకవైపు రంగు. చిలుక, ఆకుపచ్చ. చిలుక ముక్కు, ఎరుపు. గ్యాసుబండ, ఎరుపు. పండుమిరప, ఎరుపు. మోదుగుపువ్వు, నారింజ. అవ్వ పెళ్లిచీర (మావైపు అమ్మను అవ్వ, నాన్నను బాపు అంటాం), కుంకుమరంగు. మిగతా పిల్లలు ఎక్కాలు బట్టీపట్టినట్టు నేను లోకాన్ని బట్టీపట్టాను. పదో తరగతికి వచ్చేసరికి ఆ బుక్కులో మూడువందల పన్నెండు వస్తువులు ఉన్నాయి. రోజూ పరీక్షే, రోజూ పాసే. కాని ఏ పువ్వునూ పువ్వుగా చూసిన గుర్తు లేదు. చూడగానే నా తలలో జవాబు వెతుకులాట మొదలయ్యేది.

మన భాష మాత్రం నాకొక మేలు చేసింది. పచ్చ అనే మాట. ఆకూ పచ్చే, పసుపూ పచ్చే. ‘ఆ పచ్చది ఇటియ్యి’ అని ఎవరైనా అంటే ‘ఏ పచ్చ?’ అని అడగడం తప్పు కాదు, తెలివి. అడగగానే వాళ్లు విసుక్కొని వేలు చూపించేవాళ్లు, లేదా ‘ఆకుపచ్చ రా, గా మూలకున్నది’ అనేవాళ్లు. నాకు కావలసింది ఆ మూలే. బాపు మురిసిపోయి ‘మావోడు ఏదైనా పక్కాగ అడిగి చేస్తడు’ అని పదిమందికి చెప్పేవాడు. పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రికల్ డిప్లొమాలో చేరాక రెసిస్టర్లు ఎదురయ్యాయి. బియ్యపుగింజంత భాగం మీద రంగు గీతలు, ఆ రంగులే దాని విలువ. నేను ప్రతి ఒక్కదాన్నీ మీటరు పెట్టి కొలిచేవాడిని. ల్యాబు సారు నన్ను చూపించి ‘గీ పోరడు కంటిని నమ్మడు, మీటరును నమ్ముతడు, ఇంజనీరంటే గిట్లుండాలె’ అనేవాడు. అన్ని మెప్పుల కింద ఒకే భయం ఉండేది.

మా ఇల్లు నేతిల్లు. ముందుగదిలో రెండు మరమగ్గాలు. మావైపు సాంచెలంటారు. బాపు సాంచెలు నడిపేవాడు, అవ్వ కండెలు చుట్టేది. కండె అంటే దారం చుట్టిన చిన్న గొట్టం. దాన్ని నాడెలో పెడితే, నాడె అటూ ఇటూ పరుగెత్తుతూ బట్టకు అడ్డపోగు వేస్తుంది. తెల్లకండెలు చుట్టేటప్పుడు అవ్వ ముఖం ఒకలా ఉండేది, రంగుకండెలప్పుడు ఇంకోలా. రంగుదారం వచ్చిన రోజు ఆమె కండెలను గంపలో ఊరికే పడేసేది కాదు, పూలు పేర్చినట్టు పేర్చేది. ‘సూడున్రి, ఎంత ముద్దుగున్నయో’ అని, ఎవరూ అడగకపోయినా, దారినపోయేవాళ్లకు కూడా చూపించేది. నేను చూసి ‘మంచిగున్నయి అవ్వా’ అనేవాడిని. అది కూడా బట్టీపట్టిన జవాబే.

డిప్లొమా రెండో ఏడాది అయిపోయిన ఎండాకాలం. పెద్దపల్లిలో మేనత్త కూతురి పెళ్లి ఉందని అవ్వా బాపూ సాంచెలు నాకు అప్పగించి రెండు రోజులు వెళ్లారు. తెల్ల తువ్వాలలకు ఆకుపచ్చ పట్టీలు నేసే పని నడుస్తోంది. అవ్వ కండెలన్నీ చుట్టి రెండు గంపల్లో పెట్టి వెళ్లింది. కుడివైపు గంపలో ఆకుపచ్చ, ఎడమవైపు గంపలో తర్వాతి పనికి కాఫీ రంగు. కుడి ఆకుపచ్చ, ఎడమ కాఫీ అని నేను పదిసార్లు మనసులో అనుకున్నాను. తెల్లవారి నాకు పనిలో శుభ్రత ఉండాలనిపించి గది ఊడ్చాను. ఊడ్చేటప్పుడు గంపలు జరిపాను. అంతే. రెండు రోజులు ఎంతో శ్రద్ధగా, ఒక్క పోగు తెగకుండా, కాఫీ రంగు పట్టీల తువ్వాలలు నేశాను.

బాపు వచ్చి నేసిన బట్ట చుట్టను విప్పి చూశాడు. “గిదేం రంగు రా?”

నా నోటి నుంచి ఒక వాక్యం వచ్చింది. “అవ్వ పెట్టిన గంపలకెల్లే తీసిన బాపూ.”

అందులో ప్రతి మాటా నిజం. నా జీవితంలో నేను ఆడిన అన్నిటికన్నా పెద్ద అబద్ధం అదే. అవ్వ వంగి పట్టీ మీద వేలు నడిపించింది. “నేనే తారుమారు పెట్టిన్నేమో. పెండ్లి తొందరల ఉంటి,” అంది. తర్వాత, మెల్లగా, “కండ్లు మసకవడ్తున్నయేమో,” అంది. ఆ వారమే బాపు ఆమెను కంటి డాక్టరుకు చూపించాడు. డాక్టరు అంతా బాగానే ఉందని చుక్కల మందు రాసి పంపాడు. అయినా బాపు, కోపంగా కాదు, దయగానే, “రంగులు ఇగ నేను సుట్టుకుంటతియ్యి, నువ్వు తెల్లయి సూడు,” అన్నాడు. ఆ రోజు నుంచి అవ్వ తెల్లకండెలే చుట్టింది. గంపలో పేర్చడం మానేసింది. నేను అన్నం తింటూ అదంతా చూసేవాడిని.

ఆ తువ్వాలలను, మాకు దారమిచ్చి బట్ట కొనే సేటు తీసుకోలేదు. మార్తమ్మ గోధడ్లకు పనికొస్తాయని బాపు వాటిని నా భుజాన వేసి పంపాడు. ఆమె అరుగు మీద బొంత పరచుకొని మధ్యలో కూర్చొని ఉంది. చుట్టూ మగ్గాల దగ్గర ఏరుకొచ్చిన చిందీల మూటలు, అంటే కత్తిరింపు ముక్కలు.

“కూసో బిడ్డా. గా ఎర్రదారం ఉండ ఇటియ్యి.”

పక్కన రెండు ఉండలున్నాయి. నాకు రెండూ ఒకటే. అలవాటు కొద్దీ “ఏ ఎరుపు?” అన్నాను. ఆ మాట నా చెవికే తేడాగా వినిపించింది. పచ్చకు రెండు ముఖాలున్నాయి గాని ఎరుపుకు లేవు. నేనొక ఉండ ఇచ్చాను. ఆమె దాన్ని చూసి, నన్ను చూసి, నేను తెచ్చిన తువ్వాల మీది పట్టీని చూసింది. చూసినంతసేపు సూది ఆగలేదు.

“మీ అవ్వ కండ్లు మంచిగనే ఉన్నయి,” అంది. “తేడా ఉన్నయి నీయి. గిది ఎప్పటిసంది?”

“పుట్టినప్పటిసంది.”

“ఎవలకెరుక?”

“ఎవలకు లేదు. ఇప్పుడు నీకే.”

దారం కొరికి ఉమ్మేసింది. “అసూ దే,” అంది.

పొంగిపోయిన పాలకూ, తప్పిపోయిన బస్సుకూ అనే మాటే. అంతకంటే పెద్ద గొంతుతో కాదు, చిన్న గొంతుతోనూ కాదు. ఇన్నేళ్లు నేను మోసిన బరువు ఆమెకు ఒక తడిసిన చీరంత ఉంది. నాకు నవ్వు వచ్చింది. నిజంగానే నవ్వాను. ఆమె నవ్వలేదు.

“రంగు తెల్వకుంటే అసూ దే. నాకు సుతి తెల్వది, నీకు రంగు తెల్వది, ఏం మునిగింది. గని మీ అవ్వ ఇప్పుడు తెల్లకండెలే సుడుతుందట గద?”

తల ఊపాను.

“గది అసూ దే కాదు.”

తర్వాత తన ముందున్న బొంత మూల ఎత్తి చూపించింది. పైన ముడి. “మీ ఊరోళ్లు దీన్ని లోపలికి గుంజి దాస్తరు. మస్తు నీటుగుంటది. గని దానిమీద పండుకున్నోనికి నడుముల గుచ్చుతది. ఏం గుచ్చుతుందో వానికి తెల్వది, రాత్రంత పొర్లుతడు. పైకుంటే ఏమైతది? సూసెటోడు సూస్తడు, నవ్వెటోడు నవ్వుతడు. ఎవ్వల నడుముకు గుచ్చది.” మళ్లీ సూది గుచ్చింది. “ఇగ పో. మీ అవ్వ ఇంట్లనే ఉన్నది.”

నేను వెంటనే చెప్పానని రాయాలని ఉంది. మూడు రోజులు పట్టింది. ఒక కాగితం మీద రాసుకున్నాను: ఎప్పుడు చెప్పాలి, ఏ వాక్యంతో మొదలుపెట్టాలి, బాపు ఉండాలా వద్దా, వాళ్లు అడగబోయే ప్రశ్నలు, వాటికి జవాబులు. మూడో రోజు పొద్దున అవ్వ తెల్లకండె చుడుతూ, పక్కన బాపు చుడుతున్న నీలం కండె వైపు ఒకసారి చూసి తల తిప్పుకుంది. కాగితం జేబులోనే ఉండిపోయింది.

“గంపలు మార్చింది నేను అవ్వా. నాకు ఆకుపచ్చ, కాఫీ ఒక్కతీరే అగుపడ్తయి. ఎరుపు సుత. నీ కండ్లు మంచిగనే ఉన్నయి.”

రాట్నం ఆగింది. బాపు సాంచె బందు చేశాడు. మగ్గం ఆగితే మా ఇల్లు ఎంత నిశ్శబ్దంగా ఉంటుందో నాకు ఆ రోజే తెలిసింది. అవ్వ నా దగ్గరికి వచ్చి, తన కొంగు పట్టుకొని నా ముఖం ముందు పెట్టింది.

“గిది ఏం రంగు నీకు?”

“బూడిద రంగు.”

“గులాబి రా ఇది.” కొంగును తానూ చూసుకుంది. “ఎన్నేండ్లసంది ఇది కట్టుకొని మంచిగున్ననా అని నిన్ను అడుగుతున్న. మంచిగున్నవు అవ్వా, మంచిగున్నవు అవ్వా అంటివి గద.”

“మంచిగనే ఉన్నవు అవ్వా.”

ఆమె నా వీపు మీద ఒక దెబ్బ వేసింది. నిజంగా నొప్పి పుట్టింది. ఆ తర్వాత నవ్వడం మొదలుపెట్టింది, నవ్వుతూనే కళ్లు తుడుచుకుంది, నవ్వుతూనే బాపు ముందు నుంచి నీలం దారం లాక్కుంది. ఆ సాయంత్రం గంపలో కండెలు మళ్లీ పువ్వుల్లా ఉన్నాయి. ఎంత ముద్దుగా ఉన్నాయో నాకు తెలియదు. పేర్చిన తీరు మాత్రం బాగా కనిపించింది, గుండ్రంగా, ఒకదాని సందులో ఇంకోటి.

బాపు మాత్రం సాంచె మీద చెయ్యి పెట్టి, “నేతోని ఇంట్ల పుట్టి రంగు తెల్వదంటే…” అన్నాడు. అక్కడే ఆపేశాడు. ఆ వాక్యం అట్లా సగంలో మా ఇంట్లో ఆరు నెలలు ఉండిపోయింది. నన్ను తిట్టి ఉంటే బాగుండేది. సగం వాక్యానికి మిగతా సగం నేనే రోజుకో రకంగా పూర్తి చేసుకునేవాడిని, ఒక్కటీ మంచిది కాదు.

ఆ ఆరు నెలల్లోనే నేను బొంత కుట్టాను. “సెడగొట్టినోనివి నువ్వే కుట్టు,” అని మార్తమ్మ పెద్దమ్మ ఆదివారాలు నన్ను తన అరుగు మీద కూర్చోబెట్టింది. పాలిటెక్నిక్ హాస్టల్ నుంచి వచ్చినప్పుడల్లా పాట అయిపోయాక వెళ్లేవాడిని. మొదట ముక్కలు ఏరమంది.

“ఏ రంగు తర్వాత ఏ రంగు పెట్టాలె పెద్దమ్మా?”

“నాకేం ఎరుక. నీకెట్ల అగుపడితే గట్ల పేర్చు. ఏ పచ్చ, ఏ పచ్చ అని మాత్రం నన్ను అడగకు, సూదితోని పొడుస్త.”

మొదటి రోజు ఏమీ చేయలేకపోయాను. ముక్క పట్టుకోగానే తలలో నోటుబుక్కు తెరుచుకునేది. రెండో ఆదివారం ఎప్పుడో, ఎండ అరుగు మీదికి వచ్చినప్పుడు, ఒక ముక్కను వేళ్ల మధ్య నలుపుతూ ఊరికే చూశాను. దాని పేరు ఏమిటని కాదు, అది ఎట్లా ఉందని. సన్నపోగు, లావుపోగు. మెరిసేది, మెరవనిది. నిగ్గు ఎక్కువ, నిగ్గు తక్కువ. చీకటిగా ఉన్నది, దానికంటే ఒక పిసరు వెలుతురుగా ఉన్నది. అట్లా పేర్చుకుంటూ పోతే ఒక మూల చిమ్మచీకటి ముక్క, ఎదుటి మూల తెల్లని తువ్వాల, మధ్యలో ముప్పైనాలుగు మెట్లు. లెక్కపెట్టాను, ఎందుకంటే నేను లెక్కపెట్టకుండా ఉండలేను. ఒక్క మెట్టు దగ్గర కూడా నాకు అనుమానం రాలేదు. నా కళ్లను నేను నమ్మిన మొదటి మధ్యాహ్నం అది. ఆకలి కూడా గుర్తురాలేదు. నాకు తెలియకుండానే ఏదో కూనిరాగం తీస్తున్నానట. “నాకన్న అన్యాయంగ పాడుతున్నవు,” అని పెద్దమ్మ చాలా సంతోషించింది.

నా పేర్పు చూసి మాత్రం కాసేపు నోరు మూసుకొని నవ్వింది. “ఎరుపు పక్కపొంటి ఆకుపచ్చ, దాని పక్కపొంటి కాఫీ, నడుమ ఒక గులాబి. కోడిపుంజు పెండ్లికి తయారైనట్టున్నది.” మళ్లీ దూరం జరిగి, తల వంచి చూసింది. “గని ఏదో మంచిగున్నది. ఎందుకు మంచిగున్నదో నాకు ఎరుకలే. అసూ దే, కుట్టు.”

నేను స్కేలు పెట్టి కుట్టు కుట్టుకూ కొలత చూస్తుంటే ఆ స్కేలును ఇంటి కప్పు మీదికి విసిరేసింది. స్కేలుతో కుట్టిన గోధడిలో నిద్ర రాదట. మొదటి కుట్టుకు ముందు దారం నా చేతికిచ్చి “ముడి ఏడ ఏస్తవు?” అంది. పైన వేశాను.

పంటలు ఇంటికొచ్చాక చర్చిలో కోత పండుగ చేస్తారు. ఎవరికి పండింది వాళ్లు తెస్తారు: గుమ్మడికాయలు, మక్కకంకులు, బియ్యం, కోడిపెట్ట, ఊరగాయ సీసా. వాటిని వేలం వేస్తారు. వేలం చూడటానికీ, ఆ మధ్యాహ్నం భోజనానికీ వాడవాడంతా వస్తుంది. అవ్వా బాపూ కూడా వచ్చారు. మార్తమ్మ పెద్దమ్మ ఆ బొంతను రెండు వేపచెట్ల మధ్య తాడుకు ఆరేసింది. జనం దాని ముందు ఆగి, కళ్లు చిట్లించి, ఒకరినొకరు చూసుకున్నారు.

యేసుదాసు అన్న మా దగ్గరికి వచ్చాడు. “పెద్దమ్మా, ఇగ కండ్లజోడు మార్చుకోవాలె నువ్వు.”

“నాది కాదు కొడుకా, గీ పోరడు కుట్టిండు,” అంది ఆమె. ఆమె గొంతు గురించి ముందే చెప్పాను. “గీనికి ఎరుపు తెల్వది, పచ్చ తెల్వది.”

ఆవరణ అంతా విన్నది. గుమ్మడికాయ పట్టుకున్నాయన కూడా తిరిగి చూశాడు. నా చెవులు కాలిపోయాయి. భూమి మీద పడబోయే ఏదో ఒక పిడుగు కోసం ఎదురుచూశాను. ఎవరో నవ్వారు. ఎవరో “అవునా, మా తమ్మునికి సుత గంతే” అన్నారు. ఒక ముసలాయన తన అంగీ చూపించి ఇదేం రంగో చెప్పమన్నాడు. అంతే. కోడిపెట్ట అరిచింది, వేలం సాగింది. ఇన్నేళ్లు భయపడిన సంగతి రెండు నిమిషాల్లో అయిపోయింది.

బాపు మాత్రం బొంత ముందు నుంచి కదలలేదు. ఆయన ముఖంలో ఆ సగం వాక్యమే నాకు కనిపించింది. అప్పుడు నాకొక ఆలోచన తట్టింది. ఇంజనీరింగు చదువు నాకు పనికొచ్చిన మొదటి సందర్భం అదేనేమో. ఫోను తీసి, కెమెరాను నలుపు తెలుపుకు మార్చి, బొంతను ఫొటో తీసి బాపు చేతిలో పెట్టాను.

ఆయన ఫోను చూశాడు. బొంత చూశాడు. మళ్లీ ఫోను చూశాడు. రంగుల్లో గందరగోళంగా ఉన్నదల్లా ఫొటోలో ఒక మూల చీకటి నుంచి ఎదుటి మూల వెలుతురు దాకా, ఎక్కడా తెగకుండా, మెట్టు మెట్టుగా పోతోంది. నలభై ఏళ్లు బట్ట చూసిన కళ్లు అవి. చాలాసేపు చూశాయి.

“తెల్లారుతున్నట్టున్నది,” అన్నాడు బాపు. “గిట్లనా నువ్వు సూసేది?”

“గిట్లనే బాపూ.”

అవ్వను పిలిచి చూపించాడు. యేసుదాసు అన్నకు చూపించాడు. ఫోను చేతులు మారుతుంటే, నా వైపు తిరగకుండానే, బొంతతో చెబుతున్నట్టు అన్నాడు: “నేతోని ఇంట్ల పుట్టి రంగు తెల్వదంటే ఏమైతది. నేత తెలుస్తది.”

ఆరు నెలల వాక్యం అక్కడ ముగిసింది.

వేలంలో ఆ బొంతకు పోటీ పడింది ఇద్దరు, యేసుదాసు అన్న, మా బాపు. బాపు ఎప్పుడూ ఎక్కడా గొంతు ఎత్తని మనిషి. ఆ రోజు ఆయన వేలంపాట వీధి దాకా వినిపించింది. చివరికి యేసుదాసు అన్న చేతులెత్తేశాడు. బాపు బొంతను భుజాన వేసుకొని వస్తుంటే మార్తమ్మ పెద్దమ్మ నా చెవిలో అంది, “గీ ఆవరణల ఇన్నేండ్లు నా పాటే పెద్దది అనుకున్న. మీ బాపు పాట గెలిచింది.”

డిప్లొమా పూర్తి చేశాను. ఇప్పుడు కరీంనగర్‌లో ఒక చిన్న నేత యూనిట్‌లో కంప్యూటర్ మీద బట్టల అల్లికలు గీస్తాను. పడుగు, అంటే నిలువుపోగు, పైకి లేస్తే నలుపు గడి, కిందికి దిగితే తెలుపు గడి. రోజంతా ఆ రెండే. ఏ గడి పక్కన ఏ గడి ఉంటే వేలికి గరుకు తగులుతుంది, ఎక్కడ వెలుతురు నిలుస్తుంది, దుప్పటి ఎట్లా మడత పడుతుంది, ఇవి నాకు కనిపిస్తాయి. రంగులు వేసే పని పక్క బల్ల దగ్గరి సుజాతది. చేరిన మొదటి రోజే, ఇంకా కుర్చీ కూడా ఇవ్వకముందు, “నాకు ఎరుపు, పచ్చ తేడా తెల్వది మేడమ్,” అని మా మేనేజరుకు చెప్పాను. ఆమె “సరే, టీ తాగుతవా?” అంది. కొత్తవాళ్లు ఎవరు వచ్చినా ముందు అదే చెబుతాను. నోటుబుక్కు ఇంకా ఉంది, కాని మూడువందల పన్నెండు దగ్గరే ఆగిపోయింది. వెనక పేజీల్లో ఇప్పుడు అల్లికలు గీసుకుంటున్నాను.

మార్తమ్మ పెద్దమ్మ మూడేళ్ల కింద, ఇట్లాంటి చలిలోనే, నిద్రలో వెళ్లిపోయింది. ఆమె కుట్టిన గోధడే ఆమె మీద కప్పారు, ముడి పైకి ఉండేలా నేనే సరిచేశాను. చర్చిలో పాట పాడారు. హార్మోనియం ప్రతి స్వరం స్పష్టంగా వినిపించింది, అందరూ కలిసి పాడారు, ఎక్కడా తప్పలేదు. యేసుదాసు అన్న మధ్యలో వాయించడం ఆపి ఆఖరు బెంచీ వైపు చూశాడు. అంత శ్రుతిగా ఉన్న పాట ఆయనకూ నచ్చినట్టు లేదు. అప్పుడు మా అవ్వ, ఆ పాట ఒక్క ముక్క కూడా రాని మా అవ్వ, వెనక నిలబడి గట్టిగా అందుకుంది. నేనూ అందుకున్నాను. యేసుదాసు అన్న తల ఊపి మళ్లీ వాయించాడు.

నిన్న బొంత కప్పుకొని ఉండగానే అవ్వ వీడియో కాల్ చేసింది. వెనక సాంచె మోత. కొత్త చీర కట్టుకొని కొంగు కెమెరా ముందు పెట్టింది. ఆ కొంగు పరీక్ష ప్రతి కొత్త చీరకూ ఉంటుంది. ఆ పరీక్షకు నేను చదవను.

“సెప్పు. ఏం రంగు?”

“పచ్చ,” అన్నాను.

“ఏ పచ్చ?”

“నీకు నచ్చిన పచ్చ.”

సాంచె ఆగింది. బాపు తల కెమెరాలోకి వచ్చింది. “గులాబి రా అది,” అన్నాడు. అవ్వ అప్పటికే కొంగుతో నోరు మూసుకొని నవ్వుతోంది. నా వేళ్లు ముడి మీద ఉన్నాయి.

“అసూ దే బాపూ,” అన్నాను. “మంచిగున్నది.”